హార్ట్‌మన్ ఆపరేషన్ తర్వాత కొలోస్టమీ మూసివేత

పెద్దపేగుకు చిల్లుపడి కడుపులో చీము పట్టినప్పుడు అత్యవసరంగా చేసే శస్త్రచికిత్సల్లో హార్ట్‌మన్ ఆపరేషన్ ఒకటి. ఫ్రెంచి సర్జన్ ఆన్రీ హార్ట్‌మన్ 1921లో క్యాన్సర్ రోగుల కోసం దీన్ని వివరించాడు. చెడిన భాగం తీసేసి, పేగు పై కొసను పొట్టమీద తెరుస్తారు, దీన్నే కొలోస్టమీ అంటారు; మలం సంచిలో పడుతుంది. కింది కొసను మూసి లోపలే ఉంచుతారు. మలద్వారం నుంచి అప్పుడప్పుడు జిగురు వస్తే కంగారు పడనక్కర్లేదు, మిగిలిన పురీషనాళం స్రవించేదే అది.

ఈ రెండు కొసలనూ మళ్లీ కలపవచ్చు. సాధారణంగా 3 నుంచి 6 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆగుతారు. లోపలి వాపు తగ్గాలి, రోగి ఒళ్లు కోలుకోవాలి. ఇది చిన్న ఆపరేషనని చెప్పడం రోగికి అన్యాయమే. అతుకు లీకైతే ప్రాణాపాయం. అందుకే వృద్ధుల్లో, గుండెజబ్బు ఉన్నవారిలో చాలామంది సంచితోనే ఉండిపోతారు. మలద్వారాన్నే తీసేసినవారికి కొలోస్టమీ శాశ్వతం.