అక్షరములను దాచుకొను పెట్టెలు



గడచిన సంక్రాంతికి మా మనుమడు కంప్యూటరు కొనుటకై నన్ను పట్టణమునకు వెంటబెట్టుకొని పోయెను. అంగడివాడు 8 జీబీ యనియు, 512 జీబీ యనియు, 1 టీబీ యనియు అంకెలు చదువుచుండగా నేను తెల్లబోయి నిలిచితిని. ఇంటికి వచ్చి ఆ అంకెల పుట్టుపూర్వోత్తరములను విచారించితిని. తెలిసికొన్న సంగతులను నేడు మీకు విన్నవింతును.

వ్రాసినదానిని దాచుకొనుట మనకు క్రొత్త విద్య గాదు. మన పెద్దలు తాటాకుపై గంటముతో వ్రాసి, మసి పూసి, పలకల నడుమ దారముతో గట్టి దాచిరి. అయినను చెదలును, తడియును మ్రింగిన గ్రంథములకు లెక్కలేదు. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను దొర సొంత ధనము వెచ్చించి, శిథిలమగుచున్న ప్రతులను సేకరించి, పండితులచేత మరల ప్రతులు వ్రాయించెను. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములు రాగిరేకులకెక్కి, తిరుమల కోవెలలోని యొక అరలో శతాబ్దములు నిలిచి, 1922లో మరల వెలుగుచూచెను. ఒకచోట తిరుగ వ్రాయుటవలనను, మఱియొకచోట గట్టి లోహమువలనను అక్షరము బ్రతికెను.

కంప్యూటరు చరిత్రయందును ఈ చింతయే కానవచ్చును. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థవారు 24 అంగుళముల వెడల్పుగల 50 పళ్లెములను ఒక్క ఇరుసునకు గ్రుచ్చి, వానిపై అయస్కాంతపు పూత పూసి, గిరగిర త్రిప్పుచు అక్షరములను నిలుపు యంత్రము నొకదానిని వెలువరించిరి. దాని బరువు సుమారొక టన్ను. అందులో బట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. 1971లో అదే సంస్థ 8 అంగుళముల పలుచని ఫ్లాపీ బిళ్లను తెచ్చెను. 1980లో సీగేట్ సంస్థ 5¼ అంగుళముల పళ్లెములతో, బల్లమీద పట్టునంతటి డిస్కును చేసెను. టన్ను బరువున్న పూర్వపు యంత్రములో బట్టినంతయు ఇందును బట్టెను. ఇదియంతయు 24 ఏండ్లలో జరిగిన మార్పు.

మఱియొక త్రోవ జపానులో దెరచుకొన్నది. తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా యను శాస్త్రజ్ఞుడు, తిరుగుడు పళ్లెమే లేకుండ, చిన్న చిన్న గదులలో విద్యుదావేశమును బంధించి అక్షరములను నిలుపు ఉపాయమును 1984లో లోకమునకు దెలిపెను. ఫ్లాష్ మెమరీ యనగా నిదియే. నేటి పెన్ డ్రైవులును, ఎస్.ఎస్.డి. యనబడు పెట్టెలును ఆ సంతతివే.

ఇక అంగడివాని అంకెలకు వత్తము. మొదటి 8 జీబీ ర్యామ్ అనునది. అది బడిపిల్లవాని పలక వంటిది. పని నడచునంతసేపు దానిపై వ్రాత యుండును, కరెంటు తీసినంతనే తుడిచిపోవును. రెండవదైన 512 జీబీ గాదె వంటిది. అందు బోసినది కరెంటు పోయినను నిలుచును. ఈ రెంటిని ఒకటిగా దలచి మోసపోరాదు. 1 టీబీ యనగా లక్ష కోట్ల బైట్లు. మన ఆంధ్ర మహాభారతమున 20,000 పైచిలుకు పద్యములున్నవి. పద్యమునకు వేయి బైట్ల చొప్పున లెక్కించినను, అట్టి భారతములు 40,000 పైగా అందులో బట్టును. వ్రాతకు చోటు చాలదను భయము లేదు. చోటు నాక్రమించునవి ఫొటోలును, సినిమాలును.

గాదెలలో రెండు జాతులున్నవి. తిరుగుడు పళ్లెముల హార్డ్ డిస్కు తక్కువ వెలకు ఎక్కువ చోటిచ్చును. కాని దాని ముల్లు పళ్లెమునకు వెంట్రుకవాసికన్న తక్కువ ఎత్తున తేలుచుండును, కావున తిరుగునపుడు దెబ్బ తగిలినచో ప్రమాదము. ఎస్.ఎస్.డి. వేగము గలది, కుదుపునకు జంకదు. కాని వెల యెక్కువ. చిరకాలము కరెంటు చూపక పెట్టెలో బడవేసినచో అందలి ఆవేశము క్రమముగా తరుగవచ్చును.

నాకీ విషయమున కలిగిన నష్టమును చెప్పెదను. స్వర్గస్థురాలైన నా భార్య పాడిన మంగళహారతులను ఒక హార్డ్ డిస్కులో దాచితిమి. ఒకనాడు పసిబిడ్డ తీగ లాగగా అది తిరుగుచుండగనే బల్లపైనుండి పడెను. ఎందరికి చూపినను ఆమె గొంతు మరల పలుకలేదు. మా తమ్ముడు వినుటకై పూర్వము తన యింటికి ప్రతి తీసికొనిపోయిన రెండు పాటలు మాత్రము దక్కినవి. ఆ రెండింటిని వినునపుడెల్ల తక్కినవి జ్ఞప్తికి వచ్చును.

కావున మా మనుమనికి నేను చెప్పిన మాటనే మీకును మనవి చేయుచున్నాను. నిత్యము పనిచేయుటకు కంప్యూటరులో ఎస్.ఎస్.డి. యుండనిండు. దాచవలసిన ఫొటోలకు, పొలము కాగితముల ప్రతులకు వేరొక హార్డ్ డిస్కు కొనుడు. మఱియొక ప్రతిని ఊరిలో వేరొకరి యింట నుంచుడు. ఏట ఒకమారైన ఆ రెండింటిని తెరచి చూచుకొనుడు. ఏ పెట్టెయు శాశ్వతము గాదు. తాటాకుల కాలమున బ్రౌను దొర చేయించిన పనినే నేడు మనమును చేయవలసియున్నది.

సెలవు.