కొలువు దొరికింది, పట్టా అందలేదు: అమెరికా రక్షణ పరిశోధనల్లో వైవిధ్యం

జీపీఎస్ గురి తప్పకుండా ఉండాలంటే ముందు భూమి అసలు ఆకారం తెలియాలి. ధ్రువాల దగ్గర నొక్కుకుపోయిన భూమికి గురుత్వాకర్షణ అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. అందుకే సముద్రమట్టంలో కూడా మిట్టపల్లాలుంటాయి. ఉపగ్రహ రాడార్ కొలతల నుంచి ఈ ఎగుడుదిగుళ్లను లెక్కగట్టే ప్రోగ్రాములు రాసినవారిలో గ్లాడిస్ వెస్ట్ ఒకరు. 1956లో వర్జీనియాలోని డాల్‌గ్రెన్ నౌకాదళ కేంద్రంలో చేరారు. అక్కడ కొలువు దొరికిన రెండో నల్లజాతి మహిళ ఆమె. 1978లో కక్ష్యకెక్కిన సీశాట్ రాడార్ కొలతల ప్రాజెక్టుకు మేనేజరుగా ఉన్నారు. 42 ఏళ్లు పనిచేసి 1998లో రిటైరయ్యారు. పీహెచ్‌డీ 2000లో వచ్చింది, డెబ్బై ఏళ్లకు చేరువలో. అదీ ప్రజాపాలనలో.

రక్షణ రంగంలో వైవిధ్యం గురించి మాట్లాడేవాళ్లు వెస్ట్ కథను విజయగాథగా చెబుతారు. నాకు అందులో కనిపించేది వేరు. పనికి తలుపు తెరిచారు. సొంతంగా పరిశోధన ప్రశ్న వేసుకుని, విద్యార్థులను తీర్చిదిద్దే హోదాకు దారి వేయలేదు. ఎంతమందిని చేర్చుకున్నారన్నది ఒక లెక్క, ఎంతమంది డాక్టరేటుతో బయటికొచ్చారన్నది మరో లెక్క. రెండోదే అసలు కొలమానమని నా వాదన.

సముద్రగర్భ పటాలు గీసిన మేరీ థార్ప్ సంగతీ ఇంతే. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు సైన్యానికి పోయి సీట్లు ఖాళీ అయితే మిషిగన్ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకు భూగర్భశాస్త్రం నేర్పింది. ఆ సందులోంచే ఆమె వచ్చారు. కొలంబియా విశ్వవిద్యాలయ లామాంట్ కేంద్రంలో ఓడలు తెచ్చిన లోతు కొలతలను బల్లమీద పరుచుకుని అట్లాంటిక్ అడుగున చీలిక లోయను గీశారు. సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట ఆడవాళ్ల కబుర్లని కొట్టిపారేశాడు. చాలా ఏళ్లు ఆమెను ఓడే ఎక్కనివ్వలేదు. నౌకాదళ పరిశోధనా కార్యాలయం డబ్బుతో 1977లో ప్రపంచ సముద్రగర్భ పటం వెలువడేనాటికి హీజెన్ డాక్టరేటు పొంది ఇరవై ఏళ్లు. థార్ప్ మాస్టర్స్ దగ్గరే ఉన్నారు. అవసరం తెరిచిన తలుపు అవసరం ఉన్నంత మేరకే తెరుచుకుంటుంది.

తర్వాత మారిందా? రేచల్ బెర్నార్డ్, ఎమిలీ కూపర్‌డాక్ 2018లో పరిశోధన పత్రిక నేచర్ జియోసైన్స్‌లో నాలుగు దశాబ్దాల అమెరికా భూవిజ్ఞాన డాక్టరేట్లను లెక్కతీసి, పురోగతి లేదని శీర్షికలోనే రాశారు. 2016లో అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు పొందిన భూవిజ్ఞాన పీహెచ్‌డీల్లో నల్లజాతి, హిస్పానిక్, ఆదివాసీ విద్యార్థుల వాటా దాదాపు 6 శాతం. జనాభాలో వాళ్లు 31 శాతం.

ఇక్కడ నిధులు ఎటు పారుతున్నాయో చూడాలి. 1989లో మొదలైన రక్షణశాఖ ఎన్‌డీఎస్‌ఈజీ ఫెలోషిప్ విద్యార్థి వెంట నడుస్తుంది. విద్యార్థి పేరున్న విశ్వవిద్యాలయం వెంట నడుస్తాడు. అదే శాఖ ఇచ్చే స్మార్ట్ స్కాలర్‌షిప్ తీసుకుంటే చదివిన ఏడాదికి ఏడాది రక్షణశాఖ సంస్థల్లో కొలువు చేయాలి. రెండూ మంచివే. కానీ భూవిజ్ఞాన విభాగమే లేని కళాశాలలో చదివిన పిల్లకు ఈ దరఖాస్తు ఎవరు చూపిస్తారు? చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన విశ్వవిద్యాలయాలు సుమారు వంద ఉంటే, భూవిజ్ఞాన డిగ్రీ ఇచ్చేవి కొన్నే.

ఈ ఫెలోషిప్ అమెరికా పౌరులకే అన్న నిబంధన మరో మెలిక. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీ అందుకునేవారిలో సగానికి పైగా విదేశీయులు. హైదరాబాదు, విజయవాడల నుంచి వెళ్లినవాళ్లు ఎన్‌డీఎస్‌ఈజీకి దరఖాస్తే పెట్టలేరు. అక్కడే పుట్టిన మనవాళ్ల పిల్లలు పెట్టొచ్చు, కానీ తక్కువ ప్రాతినిధ్యమున్న వర్గాల లెక్కలోకి రారు. కాబట్టి ల్యాబులో రకరకాల ముఖాలు కనబడినంత మాత్రాన రక్షణ పరిశోధనలో వైవిధ్యం ఉన్నట్టు కాదు.

మరి దారి? మిసిసిపీలో ఒక నమూనాకు చోటు సిద్ధంగా ఉంది. 1927 నాటి మహా వరద తర్వాత విక్స్‌బర్గ్‌లో సైనిక ఇంజనీర్ల జలప్రయోగశాల వెలిసింది. వరదల లెక్కలే కాదు, బురదనేలలో సైనిక వాహనం దిగబడుతుందా లేదా అన్నది శంకుమొన కడ్డీని నేలలోకి గుచ్చి తేల్చే పద్ధతినీ అక్కడే అభివృద్ధి చేశారు. ఇప్పుడు సూపర్ కంప్యూటర్లూ ఉన్నాయి. అక్కడికి 70 కిలోమీటర్ల దూరంలో, వాతావరణశాస్త్రం బోధించే నల్లజాతి విశ్వవిద్యాలయం జాక్సన్ స్టేట్. వేసవి ఇంటర్న్‌షిప్‌తో సరిపెట్టకుండా, ప్రయోగశాల శాస్త్రవేత్త సహ పర్యవేక్షకుడిగా, ఐదేళ్ల నిధి విభాగం పేరనే ఉండేలా ఇలాంటి ప్రయోగశాల-విశ్వవిద్యాలయ జంటలకు పీహెచ్‌డీ సీట్లు కట్టబెట్టాలి. ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని అడ్డుకున్న 2023 జూన్ సుప్రీంకోర్టు తీర్పు, వైవిధ్య కార్యక్రమాలకు వ్యతిరేకంగా వచ్చిన 2025 జనవరి అధ్యక్ష ఉత్తర్వుల తర్వాత జాతి ప్రాతిపదికన ఎంపిక కష్టం. సంస్థను బలపరచడానికి ఆ అడ్డంకి అంతగా తగలదు.

ఈ మాట గాలిలోది కాదు. 2023లో వైమానిక దళం హోవర్డ్ విశ్వవిద్యాలయానికి స్వయంచాలక వ్యవస్థల పరిశోధనకు ఐదేళ్లకు 9 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ విశ్వవిద్యాలయంలో 1998 నుంచే వాతావరణశాస్త్ర పీహెచ్‌డీ ఉంది. 2025 ఫిబ్రవరిలో హోవర్డ్‌కు అగ్రశ్రేణి పరిశోధనా విశ్వవిద్యాలయాలకిచ్చే ఆర్-1 హోదా వచ్చింది. అందుకు ఏటా 5 కోట్ల డాలర్ల పరిశోధన వ్యయం, 70 డాక్టరేట్లు ఉండాలి. ఆ ఏటి జాబితాలో ఉన్న నల్లజాతి విశ్వవిద్యాలయం అదొక్కటే.