చలి విడిచే వేళ మన నేటాలు చారు

ఆంధ్రదేశంలో ఉగాదితో వసంతం వస్తుంది. మన నేటాలులో ఉగాది నాటికి ఎండలు తగ్గి, ఆకులు రాలే కాలం మొదలవుతుంది. ఇక్కడ చలి విడిచి చెట్లు చిగిర్చేది ఆగస్టు, సెప్టెంబరు నెలలలో, అనగా వినాయక చవితికి కొంచెం ముందు వెనుకలుగా. పంచాంగం ఒక ఋతువును చెబుతుంది, ఒంటికి తగిలే గాలి ఇంకొక ఋతువును చెబుతుంది. సముద్రం దాటి వచ్చిన మన పెద్దలు ఈ రెండింటి మధ్య ఎలా కాపురం చేశారో తెలుసుకోవాలంటే వారి వంటింటి చారును చూడాలి.

ఆగస్టు నెలలో డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల వైపు నుండి వేడి పొడిగాలి వీస్తుంది. ఇంగ్లీషువారు దీనిని బెర్గ్ విండ్ అంటారు, మా ఇంట్లో కొండగాలి అనేవారు. ఒకటి రెండు రోజులు వడగాలి వలె వీచి, అంతలోనే దక్షిణం నుండి చలిగాలి తిరిగి, ఉదయం చెమట పట్టిన మనిషికి సాయంత్రం కంబళి కావలసి వస్తుంది. పడిశం, దగ్గు, గొంతునొప్పి అప్పుడే పట్టుకుంటాయి. మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి, “గాలి తిరిగిందిరా, ఇవాళ మిరియాల చారు కాస్తాను” అనేది. ఆ మాట విన్న తరువాత గాని మాకు వసంతం వచ్చినట్టు కాదు.

ఇక చరిత్రకు వద్దాము. ఒప్పంద కూలీలతో మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి డర్బను రేవు చేరినది. 1911 వరకు ఇట్లు వచ్చినవారు లక్షా యాభై రెండు వేల పైచిలుకు. ఓడ పట్టికలలో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము అన్నింటికీ గడులున్నవి. ఆ మనిషి ఏమి వండుకునేదో వ్రాయడానికి గడి లేదు. కాని రేషను లెక్కలు ఉన్నవి. ఒప్పందం ప్రకారం రోజుకు ఒకటిన్నర పౌను బియ్యము, నెలకు రెండు పౌన్ల పప్పు, కొంత ఉప్పుచేప, ఉప్పు, నూనె గాని నెయ్యి గాని. బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి ఇవ్వడం కూడా ఉండేది. జీతము మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏటేటా ఒక్కొక్క షిల్లింగు ఎక్కువ.

నేను లెక్కల పంతులును గనుక ఇక్కడ ఒక చిన్న లెక్క చేస్తాను. నెలకు రెండు పౌన్ల పప్పు అంటే దాదాపు తొమ్మిది వందల గ్రాములు. రోజుకు ముప్పై గ్రాములు, గట్టిగా చెప్పాలంటే రెండు చెంచాలు. పగలంతా చెరకు నరికిన మనిషికి ఆ పప్పు ముద్దపప్పుగా ఒక్క పూటకు కూడా చాలదు. అదే పప్పును ఎక్కువ నీళ్ళలో ఉడికించి, పైన తేరిన కట్టును వంచి, ఆ కట్టుతో చారు కాస్తే అన్నం తడుస్తుంది, రెండవ పూటకు పప్పు మిగులుతుంది. కట్టు చారు రుచి కోసం పుట్టిందని మనం ఇప్పుడు అనుకుంటాము. మా నాయనమ్మ తల్లికి మాత్రం అది పొదుపు.

మిరియాలు, చింతపండు, జీలకర్ర ఆ రేషనులో లేవు. సొంత ఖర్చుతో ఓడ ఎక్కి వచ్చిన గుజరాతీ వర్తకుల దుకాణాలలో డబ్బు పెట్టి కొనాలి. పది షిల్లింగులలో నుండి మిరియాలు కొన్నారంటే అది జిహ్వచాపల్యమని నేను ఒప్పుకోను. దగ్గు వచ్చిన పిల్లవాడికి ఇంట్లో ఉన్న మందు అదే గదా! ఒప్పందం తీరినవారు చిన్న చిన్న మళ్ళు కౌలుకు తీసికొని కూరగాయలు పండించారు. కొత్తిమీర, పచ్చిమిరప పెరటిలోకి వచ్చాయి. కరివేపాకు చెట్టు లేని తెలుగు పెరడు డర్బనులో అరుదు. అంతలో 1895 చట్టం వచ్చి, ఒప్పందం తీరిన తరువాత స్వదేశం పోకుండా, మళ్ళీ ఒప్పందానికి ఒప్పుకోకుండా ఇక్కడ నిలిచినవారిపై తలకు ఏటా మూడు పౌన్ల పన్ను వేసింది. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, కొత్తగా వచ్చిన కూలీకి ఆరు నెలల జీతం. 1913 సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను పోలేదు. ఆ ఏళ్ళలో చారు ఎంత పలచనైనదో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

మా నాయనమ్మ విశాఖపట్నం జిల్లా పల్లెనుండి చిన్నపిల్లగా తల్లిదండ్రులతో వచ్చినది. ఆమె చారు కాచే తీరు ఇది. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పలచగా రసం తీసి, ఉప్పు, పసుపు, కరివేపాకు వేసి పచ్చివాసన పోయేదాకా మరిగించేది. చెంచాడు మిరియాలు, అర చెంచా జీలకర్ర, కొన్ని ధనియాలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచేది. మెత్తగా నూరితే తిట్టేది. ఆ దంచినది వేసిన తరువాత ఆమె పొయ్యి దగ్గరనుండి కదిలేది కాదు. చారు నురగ కట్టి అంచులదాకా లేవగానే దించి, ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువతో పోపు పెట్టి, చప్పున మూత వేసేది. “పొంగిన చారు పొయ్యి పాలు” అనేది. ఎండుమిరపకాయ పోపుకే గాని కారానికి కాదు. మిరపకాయ పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చింది, అంతకు ముందు వంటకు కారమంటే మిరియమే. ఆ విధంగా చూస్తే ఆమె చారు ఆమె కంటే ఎంతో ముసలిది.

రెండవ ప్రపంచయుద్ధంలో, 1942లో బర్మా జపాను చేతికి పోయిన తరువాత బియ్యానికి కటకట వచ్చినది. అప్పుడు మా ఇంట్లో విరిచిన మొక్కజొన్న నూకను, అంటే ఇక్కడి మీలీ రైసును అన్నంలాగా వండి చారు పోసికొని తిన్నారట. అన్నం మారినా చారు మారలేదని మా నాన్నగారు చెప్పేవారు. 1946లో ఈ దేశపు జాతి విధానాలకు నిరసనగా భారతదేశం వ్యాపార సంబంధాలు తెంచుకున్నది. దౌత్య సంబంధాలు తిరిగి ఏర్పడినది 1993లో. ఆ నిషేధం న్యాయమైనదే, నేను దానిని తప్పు పట్టను. కాని నా చిన్నతనంలో మంచి చింతపండు దొరకని రోజులు నాకు జ్ఞాపకమున్నవి. అప్పుడు పెరటి టమేటాలు చారులోకి దిగాయి. మా పిల్లలకు అసలు చారంటే టమేటా చారే.

పోయినదీ ఒకటున్నది. ఉగాదికి వేపపువ్వు చారు. మన వీధులలో ఊదారంగు పూలు పూసే చెట్టును చూసి మా పెద్దలలో కొందరు వేప అనేవారు. అది తురకవేప, దాని కాయలు విషం. పైగా అది పూసేది మన ఉగాదికి కాదు, ఇక్కడి వసంతానికి. వేపపువ్వు లేని ఉగాదికి పచ్చడిలో చేదు ఏదో ఒకటి కలిపి తృప్తి పడతాము. చారు మాత్రం ఉగాదిని విడిచి ఆగస్టుకు వచ్చి స్థిరపడినది.

చివరకు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. సాయంకాలపు తెలుగు తరగతిలో ఒక పాప “మా అమ్మ రసం చేసింది” అని వ్రాసింది. నేను ఎర్రసిరాతో రసం కొట్టివేసి చారు అని దిద్దాను. అరవమాట అని చెప్పాను కూడా. మరుసటి వారం ఆ పాప అమ్మమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఓడ పట్టిక నకలు ఉన్నది. జిల్లా గడిలో ఉత్తర ఆర్కాడు అని, ఊరు చిత్తూరు పక్కన. చిత్తూరు వేరు జిల్లా అయినది 1911లో, అంతవరకు ఆ తెలుగు పల్లెలన్నీ ఉత్తర ఆర్కాడులోనివే. “మా ఇంట్లో అమ్మమ్మల కాలం నుండి రసమే మాస్టారూ, మేమూ తెలుగువాళ్ళమే” అన్నది. నోట్‌బుక్కు తిరిగి తీసికొని నా దిద్దుబాటును నేనే కొట్టివేశాను. ఆ వారం మళ్ళీ కొండగాలి తిరిగి నాకు గొంతు పట్టింది. ఆ పెద్దావిడ ఒక డబ్బాలో వేడి రసం పంపించింది. మిరియాలు మా నాయనమ్మ వేసినదాని కంటే ఎక్కువే వేసింది.