తెర అడుగున అరంగుళం జాగా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, బదిలీల కథలూ ఆడిట్ల కష్టాలూ మిగతా మిత్రులు ఎలాగూ రాస్తారు కదా అని నేను వేరే దారి పట్టాను. ఇప్పుడు మనలో చాలామంది ఇళ్ళలో కంప్యూటరు ఉంది. పెన్షను స్లిప్పు చూసుకోవడానికో, దూరాన ఉన్న మనవల ఫోటోలు చూసుకోవడానికో రోజుకొకసారి దాని ముందు కూర్చుంటూనే ఉన్నాం. ఆ తెర అడుగున ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక సన్నని పట్టీ ఉంటుంది. దాన్ని టాస్క్‌బారు అంటారు. నేను రాయబోయేది దాని చరిత్రే. పట్టీకి చరిత్ర ఏమిటని నవ్వకండి. ఆ తెర మీద ఎవరి బొమ్మ ఉండాలి, ఎవరిది ఉండకూడదు అన్న తగువు అమెరికాలో కోర్టు దాకా వెళ్ళింది.

సర్వీసులో ఉన్నప్పుడు ఎవరి బల్ల వారిది. ఒకే సెక్షనులో పది బల్లలుంటే ఏ రెండూ ఒకలా ఉండేవి కావు. స్టాంపు ప్యాడు కుడిచేతి వైపే ఉండాలని ఒకరు, ట్యాగుల డబ్బా సొరుగులో కాక పైనే ఉండాలని ఇంకొకరు. మనం సెలవు మీద వెళ్ళి వచ్చేసరికి ఎవరైనా ఉపకారబుద్ధితో సర్దిపెట్టారో, ఆ పూటంతా పని సాగేది కాదు. చెయ్యి చాచిన చోట వస్తువు ఉండడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

కంప్యూటరు తెర కూడా ఆ బల్లను చూసే పుట్టింది. మనం నకళ్ళు తీయించుకునే యంత్రానికి పేరిచ్చిన జిరాక్స్ కంపెనీ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక పరిశోధనాలయం నడిపేది. అక్కడ 1973లో ఆల్టో అనే కంప్యూటరు తయారైంది. ఆ అనుభవంతో 1981 ఏప్రిల్‌లో స్టార్ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. దాన్ని తలపెట్టింది శాస్త్రవేత్తల కోసం కాదు, ఆఫీసు ఉద్యోగుల కోసం. అందుకని తెర మీద కాగితం బొమ్మ, ఫోల్డరు బొమ్మ, ఫైళ్ళ సొరుగు బొమ్మ, వచ్చిన తపాలాకు ఒక బుట్ట, పోవలసిన తపాలాకు మరో బుట్ట పెట్టారు. మన ఇన్‌వర్డు, అవుట్‌వర్డు అన్నమాట! ఒక్కో యంత్రం ఖరీదు పదహారు వేల డాలర్ల పైమాటే కావడంతో అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ పద్ధతిని 1983లో లిసా, 1984లో మెకింటాష్ యంత్రాల ద్వారా ఆపిల్ కంపెనీ జనంలోకి తీసుకువచ్చింది.

బల్లతో పాటు బల్లకున్న చిక్కూ వచ్చింది. ఫైలు మీద ఫైలు పడితే కిందిది కనబడదు. 1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి మొదటి విండోస్ వచ్చినప్పుడు కిటికీలు గోడకు పలకలు అతికించినట్టు పక్కపక్కనే ఉండేవి. పక్కన పెట్టిన పనుల బొమ్మలు అడుగున ఒక వరుసలో కనబడేవి. 1987లో వచ్చిన రెండో విండోస్‌లో కిటికీలు ఒకదాని మీద ఒకటి కప్పుకోవడం మొదలైంది, ఆ బొమ్మలు కిటికీల కిందికి పోయాయి. అదే ఏడాది ఇంగ్లండులో ఎకార్న్ కంపెనీ తన ఆర్కిమెడిస్ కంప్యూటర్లలో తెర అడుగున ఎప్పుడూ కనబడే బొమ్మల పట్టీ ఒకటి పెట్టింది. 1988లో స్టీవ్ జాబ్స్ నెక్స్ట్ కంప్యూటరులో అలాంటి వరుసే తెర కుడి అంచున నిలువుగా నిలబడింది. ఆలోచన అందరికీ ఇంచుమించు ఒకేసారి తట్టిందన్నమాట. అయితే మన దేశపు ఆఫీసుల దాకా వచ్చింది మైక్రోసాఫ్ట్ దారే కనుక, ఇక ఆ దారినే పోదాం.

1992 అక్టోబరులో, తర్వాత విండోస్ 95 అని పేరు పడిన వ్యవస్థకు తెర రూపం దిద్దడానికి ఆ కంపెనీలో ఒక చిన్న బృందం ఏర్పడింది. వారు చేసిన మంచి పని, మామూలు మనుషులను పిలిచి కూర్చోబెట్టి, వారు ఎక్కడ తడబడుతున్నారో రాసుకోవడం. మొత్తం మీద 560 మందిని అలా పరీక్షించారు. తేలినదేమిటి? కొత్తవారికి మౌసు బటను రెండుసార్లు టకటకా నొక్కడం చేతకావడం లేదు. కిటికీ చిన్నదై కనుమరుగైతే పని పోయిందనుకుని అదే ప్రోగ్రామును మళ్ళీ తెరుస్తున్నారు. చదువుతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా అది నా ఒక్కడి మొద్దుతనమే అనుకున్నాను!

ఆ తడబాటుకు విరుగుడుగా పుట్టినదే టాస్క్‌బారు. తెరిచిన ప్రతి పనికీ అడుగున ఒక బటను. దేనితో కప్పినా బటను కనబడుతూనే ఉంటుంది, ఒక్కసారి నొక్కితే చాలు. ఈ రూపకల్పనలో ముఖ్యుడు డానీ ఓరన్. ఆయన, ఆయన సహచరుల పేర దీనికి 1998లో పేటెంటు వచ్చింది. తొలి నమూనాలో ఎడమ మూలన సిస్టం, ఫైండ్, హెల్ప్ అని మూడు బటన్లుండేవి. పరీక్షకు వచ్చినవారు కంప్యూటరు వేసి, ఏం చెయ్యాలో తోచక ఊరికే కూర్చున్నారట. అప్పుడు సిస్టం అన్న మాట తీసేసి స్టార్ట్ అని పెట్టారు. కుడి మూలన గడియారంలో సెకన్లు కూడా చూపాలనుకున్నారు. కానీ ఆ రోజుల్లో 4 మెగాబైట్ల జ్ఞాపకశక్తితో నడిచే యంత్రాలకు ఆ కాస్త పని కూడా బరువై వేగం తగ్గింది, సెకన్లు తీసేశారు. 1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైంది.

ఇంతవరకూ ఆ పట్టీ మీద కంపెనీ పెట్టినవే ఉన్నాయి. మన వస్తువు మనం పెట్టుకునే వీలు 1997 సెప్టెంబరు చివర ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగో కూర్పుతో వచ్చింది, 1998 జూన్‌లో విండోస్ 98తో అందరికీ అందింది. స్టార్ట్ బటను పక్కనే క్విక్ లాంచ్ అని చిన్న బొమ్మల వరుస వచ్చింది. కావలసిన ప్రోగ్రామును మౌసుతో పట్టుకుని లాగి అక్కడ వదిలితే, దాని బొమ్మ ఆ వరుసలో కూర్చుంటుంది. ఇక మెనూలలో వెతకనక్కరలేదు, ఒక్క నొక్కుడు చాలు. దానికంటే ఘనమైనది ఇంకొకటి. పట్టీ మీద ఖాళీ చోట కుడి బటను నొక్కితే టూల్‌బార్స్ అని వచ్చేది, అందులో న్యూ టూల్‌బార్. ఏ ఫోల్డరునైనా చూపిస్తే అది పేరుతో సహా పట్టీ మీదికి వచ్చి కూర్చునేది. పక్కనున్న జంట బాణం గుర్తు నొక్కితే లోపలి కాగితాలన్నీ జాబితాగా పైకి లేచేవి. బొమ్మలు పెద్దవిగానో చిన్నవిగానో, పేర్లతోనో పేర్లు లేకుండానో మన ఇష్టం. పట్టీని మొత్తంగా తెర పైఅంచుకో పక్కకో లాగి పెట్టుకోవచ్చు. మన బల్ల మళ్ళీ మన చేతికి వచ్చిందన్నమాట.

మా ఆఫీసులో ఈ సంగతి నాకు చూపించినవాడు కొత్తగా చేరిన కుర్రవాడు. నా చూపుడువేలు అప్పటికే కొంచెం వణికేది. రెండుసార్లు నొక్కబోతే బొమ్మ పక్కకు జరిగిపోయేది కాని తెరుచుకునేది కాదు. ప్రతిసారీ ఎవరినో పిలవాలి. పిలవగా పిలవగా ముఖాలు ముడుచుకునేవారు. ఆ కుర్రవాడు జీతాల బిల్లుల ఫైలును లాగి అడుగున పెట్టి, “సార్, ఇకమీదట ఒక్కసారి నొక్కండి చాలు” అన్నాడు. రిటైరయ్యేదాకా నేను మళ్ళీ ఎవరినీ పిలవలేదు.

కోర్టు సంగతికి వద్దాం. తెర మీద ముందుగా కనబడే బొమ్మనే జనం నొక్కుతారు. ఈ ఒక్క మాట మీద కోట్ల డాలర్ల వ్యాపారం నిలబడి ఉంది. 1996లో కంపాక్ కంపెనీ తాను అమ్మే కొన్ని కంప్యూటర్ల తెర మీద నుంచి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బొమ్మ తీసి, పోటీదారైన నెట్‌స్కేప్ బొమ్మ పెట్టింది. విండోస్ 95 లైసెన్సు రద్దు చేస్తామని మైక్రోసాఫ్ట్ నోటీసు పంపింది. కంపాక్ వెనక్కి తగ్గి పాత బొమ్మను యథాస్థానంలో పెట్టింది. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, 1998 మే 18న అమెరికా న్యాయశాఖ, కొన్ని రాష్ట్రాలు కలిసి వేసిన దావాలో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999 నవంబరులో నమోదు చేసిన నిజాలలో ఉన్నదే. కంపెనీని రెండు ముక్కలు చెయ్యాలని ఆయన 2000 జూన్‌లో తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో అప్పీలు కోర్టు ఆ విభజనను కొట్టివేసినా, గుత్తాధిపత్యాన్ని నిలబెట్టుకోవడానికి చట్టవిరుద్ధంగా ప్రవర్తించిందన్న నిర్ణయంలో ముఖ్యభాగాన్ని ఖాయం చేసింది. 2001 జులైలో, ఆ బొమ్మను తీసేసే స్వేచ్ఛ కంప్యూటరు తయారీదార్లకు ఇస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అంత పెద్ద కంపెనీలకు దొరకని హక్కు, మనలాంటి గుమాస్తాకు మాత్రం కుడి బటను నొక్కితే దొరికేది. నాకిది ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. తెలుగు అక్షరాలు, గౌతమి అనే ఖతితో సహా, విండోస్‌లోకి వచ్చింది దానితోనే. టాస్క్‌బారు కుడివైపున భాష గుర్తు కనబడేది. ఇ.ఎన్. అని ఉన్నదాన్ని టి.ఇ. అని మార్చుకుంటే తెలుగులో టైపు చెయ్యవచ్చు. ఫోల్డర్లకు తెలుగు పేర్లూ పెట్టవచ్చు. క్విక్ లాంచ్‌ను ఎందుకో ఎక్స్‌పీలో దాచి ఉంచారు కాని, అడిగితే వచ్చేది.

మా ఆవిడకు ఇంగ్లీషు చదవడం రాదు. మా అమ్మాయి ఒకసారి వచ్చినప్పుడు, “పిల్లలు” అని తెలుగులో పేరు పెట్టి ఒక ఫోల్డరు చేసి, దాన్ని అడుగు పట్టీ మీద టూల్‌బారుగా నిలబెట్టి వెళ్ళింది. మనవల ఫోటోలు వచ్చినప్పుడల్లా నేను అందులో వేసేవాణ్ణి. మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే ఆవిడ తనే వెళ్ళి, పేరు చదువుకుని, జంట బాణం నొక్కి, ఒక్కొక్కటీ చూసుకునేది. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో కంప్యూటరంటే ఆవిడకు ఆ ఒక్క మాటే.

2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చేసరికి క్విక్ లాంచ్‌ను తీసివేసి, తెరిచిన పనుల బటన్లనూ మనం పెట్టుకున్న బొమ్మలనూ ఒకటే చేశారు. బొమ్మను పట్టీకి గుచ్చి ఉంచడాన్ని పిన్ చెయ్యడం అన్నారు. గుండుసూదులతో బతికిన మనకు ఆ మాట కొత్తది కాదు. తమాషా ఏమిటంటే, అలా గుచ్చిన బొమ్మలను విండోస్ లోపల దాచే చోటు పేరు మాత్రం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఫోల్డరులోని క్విక్ లాంచ్ అనే ఉండిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్‌లో మంగళం పాడారు. చెరువు పూడ్చి ఇళ్ళు కట్టినా చెరువుకట్ట వీధి అన్న పేరు మిగిలినట్టు!

2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటనునే తీసేస్తే జనం గోల పెట్టారు, మరుసటి ఏడు తెచ్చి పెట్టారు. ఇన్ని మార్పుల్లోనూ న్యూ టూల్‌బార్ మాత్రం విండోస్ 10 దాకా బతికే ఉంది. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11లో అది లేదు. పట్టీని పైకో పక్కకో జరుపుకునే వీలు కూడా ఆ విడుదలలో లేదు.

2022లో మా పాత యంత్రం మూలనపడితే కొత్తది కొన్నాం. ఫోటోలన్నీ భద్రంగా వచ్చాయి. “పిల్లలు” అన్న మాట మాత్రం పట్టీ మీద లేదు. అమర్చడానికి వచ్చిన అబ్బాయిని అడిగితే, “ఇందులో అది ఉండదండీ, అయినా ఇప్పుడెవరు వాడుతున్నారు?” అన్నాడు. వాడుతున్న మనిషి వాకిట్లో నిలబడి వింటూనే ఉంది. రెండు నెలలపాటు ఆవిడ ఆ గదిలోకి రాలేదు. చూపించనా అని నేనడిగితే, మీ పని మీరు చూసుకోండి అనేది.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, మీలోనూ కొందరు యంత్రం మార్చి ఉంటారు. మా అమ్మాయి ఫోనులో చెప్పగా నేను చేసింది రాస్తాను. ఖాళీ తెర మీద కుడి బటను నొక్కి, కొత్త షార్ట్‌కట్ అడిగి, చిరునామా గడిలో ముందు ఎక్స్‌ప్లోరర్ అన్న మాట ఇంగ్లీషులో కొట్టి, కాస్త ఎడం ఇచ్చి, తర్వాత ఫోల్డరు చిరునామా రాయాలి. ఉత్త ఫోల్డరు చిరునామా ఇస్తే పట్టీ ఒప్పుకోదు, ముందు ఆ మాట ఉంటే ఒప్పుకుంటుంది. దానికి మనకు నచ్చిన బొమ్మ కూడా తగిలించవచ్చు. నేను చిన్న మనవరాలి ముఖం పెట్టి పట్టీకి గుచ్చాను.

తెలుగు పేరు లేదు కనుక, ఎడమ నుంచి నాలుగోది అని ఆవిడకు గుర్తు చెప్పాను. మొదటిరోజు బాగానే నొక్కింది. మర్నాడు నొక్కబోతే అక్కడ ఇంకేదో ఉంది. కొత్త విండోస్‌లో బొమ్మలు తెర మధ్యన చేరి ఉంటాయి, ఇంకొక పని తెరిస్తే అన్నీ పక్కకు సర్దుకుంటాయి. సెట్టింగ్స్‌లో టాస్క్‌బారు కింద, బొమ్మలన్నీ ఎడమకు చేరి ఉండాలని మార్చాను. అప్పటి నుంచి అది ఉన్నచోటనే ఉంది. నేను ఇది రాస్తుండగా పక్కన నిలబడి, ఇంకెంతసేపు రాస్తారు, లేవండి అంటోంది.