స్లైడు చెప్పింది నిజమేనా? క్షయ ల్యాబుల్లో తనిఖీ చరిత్ర

మన సమావేశాల్లో తాయెత్తుల గురించి, భూతవైద్యుల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవాల్సిందే. ఈసారి మాత్రం ఒక ల్యాబ్ రిపోర్టు గురించి రాస్తాను. సైన్సు పేరుతో చేతికొచ్చిన కాగితాన్ని ఎందుకు నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది నా ప్రశ్న. నేను డాక్టర్ని కాదు. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో వోచర్లు తిరగేసి రిటైరయినవాణ్ణి. కాబట్టి ఈ చరిత్రను ఆడిటరు కళ్ళతోనే చూడగలను.

ముందు సొంత విషయం ఒకటి చెప్పాలి. 1987లో మా బావకి దగ్గు పట్టుకుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. నేనే ఒక చిన్న పట్నంలోని ల్యాబుకి తీసుకెళ్ళి కళ్ళె పరీక్ష చేయించాను. 'నెగటివ్' అని చీటీ ఇచ్చారు. బావ వాళ్ళమ్మగారు ఊరవతల ఎవరి దగ్గరో తాయెత్తు కట్టిస్తే ఆవిడతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. "టి.బి. లేదని సైన్సే చెప్పాక ఈ దారాలెందుకండీ?" అన్నాను. అయిదు నెలల తర్వాత మరోచోట పరీక్ష చేయిస్తే స్లైడు నిండా క్షయ క్రిములే. మందులు మొదలుపెట్టారు గానీ అప్పటికే ఆలస్యమైంది. 1988లో బావ పోయాడు. మేనల్లుడికి కూడా సోకింది. వాడికి మందులతో నయమైంది.

తాయెత్తును నమ్మినావిడని తిట్టాను. చీటీని నమ్మిన నన్ను ఎవరూ తిట్టలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకి కారణం ఒక క్రిమి అని ప్రకటించాడు. అంతవరకు వంశపారంపర్యమనీ, చెడుగాలి అనీ, పూర్వజన్మ పాపమనీ రకరకాలుగా చెప్పుకునేవారు. ఆ వెంటనే ఎర్లిచ్, తర్వాత జీల్, నీల్సన్ రంగు వేసే పద్ధతిని మెరుగుపరిచారు. ఈ క్రిమికి మైనంలాంటి పొర ఉంటుంది. ఒకసారి ఎర్రరంగు పట్టిందంటే ఆమ్లంతో కడిగినా వదలదు. మిగతావన్నీ రంగు కోల్పోయి నీలంగా మారితే ఇది మాత్రం ఎర్రటి పుల్లలా కనిపిస్తుంది. పద్ధతి ఇంతే. పెద్ద ఖర్చు లేదు.

ఆ కాక్ గారే 1890లో క్షయకి మందు కనిపెట్టానన్నాడు. దాని పేరు ట్యూబర్క్యులిన్. ప్రపంచం నలుమూలల నుంచీ రోగులు బెర్లిన్‌కి పరుగెత్తారు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ కూడా వెళ్ళి చూసి, ఇది నమ్మదగినదిగా లేదని రాశాడు. ఆయన అనుమానమే నిజమైంది, ఆ మందు పనిచేయలేదు. ఇంకో తమాషా, ఇదే డాయిల్ 1920లో ఇద్దరు ఆడపిల్లలు తీసిన ఫొటోలు చూసి దేవకన్యలున్నారని నమ్మేశాడు. చూశారా! ఎంత పెద్దవాడైనా మనిషిని చూసి నమ్మడం కుదరదు. తనిఖీని చూసే నమ్మాలి.

ఇక మన దేశానికొద్దాం. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం మొదలైంది. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, అప్పటి వైద్యం అదే. 1955-58 మధ్య దేశంలో జరిగిన సర్వేలో ప్రాంతాన్ని బట్టి వెయ్యిమందికి ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా కళ్ళెలో క్రిములున్నవాళ్ళు తేలారు. పల్లెల్లోనూ పట్నాలతో సమానంగా ఉందని తెలిసింది. ఇంతమందికి శానటోరియంలో మంచాలు ఎక్కడ తేగలం?

1956లో మద్రాసులో మొదలైన చికిత్సా పరిశోధన కేంద్రం దీనికి జవాబు వెతికింది. 193 మంది రోగుల్ని తీసుకుని లాటరీ పద్ధతిలో విడదీశారు. కొందరికి శానటోరియంలో, కొందరికి ఇరుకిళ్ళల్లోనే, ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. కుటుంబ సభ్యులకి అదనంగా ప్రమాదమూ కనిపించలేదు. దీన్ని తేల్చింది రోగి "బాగానే ఉందండీ" అన్న మాట కాదు, డాక్టరు అభిప్రాయమూ కాదు. నెలనెలా తీసిన కళ్ళెలో క్రిములున్నాయా లేదా అన్న ల్యాబు లెక్క. ఆ కేంద్రంలో బాక్టీరియాలజిస్టుగా పనిచేసిన పి.ఆర్.జె. గంగాధరం వంటివారి పేర్లు మనకి తెలియవు. తెలిసుండాల్సింది.

1959లో బెంగుళూరులో నేషనల్ ట్యూబర్క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. మైసూరు మహారాజా ఇచ్చిన 'అవలాన్' అనే భవనంలో 1960 సెప్టెంబరు 16న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. అక్కడివాళ్ళు తుమకూరు జిల్లాలో అధ్యయనం చేశారు. కళ్ళెలో క్రిములున్నవాళ్ళలో సుమారు సగంమంది అప్పటికే తమంతట తామే ఏదో ఒక ఆస్పత్రికి వెళ్ళి ఉన్నారని 1963లో బెనర్జీ, ఆండర్సన్ రాశారు. అంటే పల్లెటూరివాళ్ళు మూఢులు, వైద్యానికి రారు అన్నది అబద్ధం. వాళ్ళు వచ్చారు. దగ్గుమందు సీసా ఇచ్చి పంపించింది మనమే. ఇది చదివినప్పుడు బావ వాళ్ళమ్మగారు గుర్తొచ్చి సిగ్గేసింది.

దీన్నిబట్టే 1962లో మొదలైన జాతీయ కార్యక్రమం ప్రతి జిల్లాకీ ఒక బృందాన్ని తయారుచేసింది. డాక్టరుతో పాటు ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే టెక్నీషియన్, చికిత్స నిర్వాహకుడు, బి.సి.జి. టీము నాయకుడు, లెక్కల సహాయకుడు. వీళ్ళందరికీ బెంగుళూరులో కలిపి శిక్షణ. నాకు ఆ లెక్కల సహాయకుడు ఉండటం బాగా నచ్చింది!

అయినా ముప్పై ఏళ్ళ తర్వాత, 1992లో కార్యక్రమాన్ని సమీక్షిస్తే ఏం తేలింది? ఎక్స్‌రే మీద అతిగా ఆధారపడుతున్నారు, కళ్ళె పరీక్షల నాణ్యత బాగాలేదు, ఎక్కువమంది మందులు పూర్తిగా వాడటంలేదు. సవరించిన కార్యక్రమం 1993లో ప్రయోగాత్మకంగా, 1997లో జాతీయ స్థాయిలో మొదలై 2006 మార్చికి దేశమంతటా విస్తరించింది. లక్ష జనాభాకి ఒక మైక్రోస్కోపు కేంద్రం, అయిదు లక్షలకి ఒక సీనియర్ ల్యాబ్ సూపర్‌వైజర్.

1999లో నేను బెంగుళూరులో పనిచేస్తున్నాను. ఒక సహోద్యోగి మేనల్లుడు ప్రకాశం జిల్లా నుంచి ఈ ల్యాబ్ శిక్షణకే వచ్చాడు. ఆదివారాలు మా ఇంటికి భోజనానికొచ్చేవాడు. అతను చెప్తుంటే మా బావ స్లైడు ఎలా తప్పిపోయి ఉంటుందో అర్థమైంది. మిల్లీలీటరు కళ్ళెలో కనీసం అయిదు నుంచి పదివేల క్రిములుంటే గానీ మైక్రోస్కోపులో కనిపించవు. ఉమ్మి తెస్తే లాభం లేదు, లోపలి నుంచి దగ్గి తీసిన కళ్ళె కావాలి. నెగటివ్ అని రాయాలంటే కనీసం వంద ఫీల్డులు చూడాలి. దానికి అయిదు నిమిషాలైనా పడుతుంది. స్లైడుల గుట్ట ముందున్నవాడు పది ఫీల్డులు చూసి 'నెగటివ్' కొట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? ఇటువైపు తప్పులూ ఉన్నాయి. పాత స్లైడు కడిగి మళ్ళీ వాడితే వెనకటి రోగి క్రిమి కొత్త రోగి ఖాతాలో పడుతుంది. కుళాయి నీళ్ళలో ఉండే హానిలేని క్రిములు కొన్ని ఇలాగే ఎర్రగా కనిపిస్తాయి.

"మరి మీ పని ఎవరు తనిఖీ చేస్తారోయ్?" అనడిగాను.

"సూపర్‌వైజరు గారు పాజిటివ్‌లన్నీ, నెగటివ్‌లలో పదోవంతు మళ్ళీ చూస్తారు సార్."

"మొదట నువ్వేం రాశావో ఆయనకి తెలుస్తుందా?"

"రిజిస్టర్లో ఉంటుంది కదా సార్."

"అయితే అది తనిఖీ కాదు నాయనా, పక్కన రెండో సంతకం."

అతను నవ్వాడు. నేను గొప్ప మాట అన్నానని చెప్పుకోవడం లేదు. ఆ రంగంలోని వాళ్ళకే ఇది ముందు నుంచీ తెలుసు. చెన్నై కేంద్రంవాళ్ళు తిరువళ్ళూరు జిల్లాలో ఫలితం తెలియకుండా మళ్ళీ చూసే పద్ధతిని పెట్టి చూశారు, ఆచరణలో సాధ్యమేనని తేల్చారు. 2005లో దేశవ్యాప్త మార్గదర్శకాలు వచ్చాయి. టెక్నీషియన్ ప్రతి స్లైడునూ వరుస నంబరు ప్రకారం పెట్టెలో దాచాలి. వాటిలోంచి ఏ నంబర్లు తీస్తారో ముందు తెలియదు. వేరే ప్రాంతపు సూపర్‌వైజరు, మొదటి ఫలితం తెలియకుండా, వాటిని చదువుతాడు. ఇద్దరికీ పొసగకపోతే మూడోవాడు అంపైరు. ఎన్ని స్లైడులు తీయాలో కూడా ఊహ కాదు. ఆ కేంద్రంలో ఏటా ఎన్ని నెగటివ్‌లు, నూటికి ఎన్ని పాజిటివ్‌లు అన్నదాన్ని బట్టి లెక్క. క్రిములు ధారాళంగా ఉన్న స్లైడును నెగటివ్ అంటే పెద్ద తప్పు, వందఫీల్డుల్లో పది లోపు ఉన్నదాన్ని వదిలేస్తే చిన్న తప్పు. మా టెస్ట్ ఆడిట్‌కీ దీనికీ తేడా ఏముంది? ఇందులో ముఖ్యమైన మాట, ఉద్దేశం శిక్ష కాదు. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం. రంగు పాతదా, కటకం చెడిందా, లేక మనిషికి మళ్ళీ శిక్షణ కావాలా?

తనిఖీ లేనిచోట ఏం జరుగుతుందో కూడా చూశాం. క్షయకి రక్తపరీక్షలంటూ ప్రైవేటు మార్కెట్లో యాంటీబాడీ కిట్లు అమ్మేవారు. దేశంలో ఏటా సుమారు 15 లక్షల పరీక్షలు జరిగేవని అప్పటి అంచనా. మిషను, గ్రాఫు, కంప్యూటర్ ప్రింటు, అన్నీ ఉన్నాయి. పరీక్షకి విలువ మాత్రం లేదు. జబ్బు లేనివాళ్ళకి ఉందనీ, ఉన్నవాళ్ళకి లేదనీ చెప్పేది. ఋజువులన్నీ పరిశీలించి 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని వాడొద్దంది. 2012లో భారత ప్రభుత్వం నిషేధించింది. తెల్లకోటు వేసుకున్న తాయెత్తు అంటే ఇదే.

ఇప్పుడు జీన్ పరీక్షలొచ్చాయి. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన యంత్రం రెండు గంటల్లో క్రిమినీ, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో కూడా చెప్పేస్తుంది. గోవాలో తయారైన ట్రూనాట్‌కి 2020లో ఆమోదం వచ్చింది. సంతోషమే. కానీ కళ్ళె తీసుకునేదీ, లేబుల్ అంటించేదీ, యంత్రాన్ని సరిచూసేదీ మనిషే. 2025కల్లా దేశంలో క్షయని నిర్మూలించాలనుకున్నాం, కాలేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు ఇంకా మన దగ్గరే ఉన్నారు. ఈ లెక్కలో ఆ మైక్రోస్కోపు ముందు, యంత్రం ముందు కూర్చునే మనిషి శిక్షణకి ఎంత ఖర్చుపెడుతున్నామో అడగాల్సింది మనమే.

సైన్సుని నమ్మండి అని మనం అంటుంటాం. నేనిప్పుడు ఆ మాట అనడం మానేశాను. సైన్సు నమ్మమనదు, మళ్ళీ చూడమంటుంది, అదీ మొదటి జవాబు తెలియకుండా. మీరు పరీక్ష చేయించుకునే ల్యాబులో అడగండి: మీ ఫలితాల్ని బయటివాళ్ళెవరైనా తనిఖీ చేస్తారా? కసురుకుంటే ఇంకో ల్యాబు వెతుక్కోండి. దగ్గు తగ్గకపోతే, నెగటివ్ చీటీ ఉన్నా సరే, మళ్ళీ పరీక్ష చేయించండి.

1987 నాటి ఆ చీటీ ఇప్పటికీ మా అక్క ట్రంకుపెట్టెలో ఉంది. దాని మీద ఒక్కటే సంతకం.