పొటాషియం నిలిపే మూత్రకారకాలు

ఒంట్లో చేరిన నీటిని, ఉప్పును మూత్రంలో పంపేస్తూ పొటాషియంను మాత్రం పోనివ్వని మందులివి. స్పైరోనోలాక్టోన్, ఎప్లెరెనోన్ ఆల్డోస్టెరాన్ హార్మోన్‌ను అడ్డుకుంటాయి. అమిలోరైడ్, ట్రయామ్టెరీన్ మూత్రపిండ నాళికల చివర సోడియం తిరిగి లోపలికి వచ్చే దారిని మూసేస్తాయి. నీటిని లాగే శక్తి వీటికి తక్కువ కాబట్టి తరచుగా ఫ్యూరోసెమైడ్ వంటి మందుతో కలిపి ఇస్తారు. లివర్ సిరోసిస్‌తో పొట్టలో నీరు చేరినవారికి అమెరికాలో సాధారణంగా 100 మి.గ్రా. స్పైరోనోలాక్టోన్, 40 మి.గ్రా. ఫ్యూరోసెమైడ్‌తో మొదలుపెడతారు.

సెర్ల్ కంపెనీ మందు స్పైరోనోలాక్టోన్ 1960లో అమెరికా మార్కెట్‌కు వచ్చింది. దానికి కొత్త ఊపు తెచ్చింది 1999లో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు బెర్ట్రమ్ పిట్ బృందం ప్రచురించిన రేల్స్ అధ్యయనం. తీవ్ర గుండె వైఫల్యం ఉన్న 1,663 మందిలో, రోజుకు 25 మి.గ్రా.తో మొదలుపెట్టినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. అయితే రక్తంలో పొటాషియం లీటరుకు 5 మిల్లీమోల్స్ దాటినవారిని, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ డెసిలీటరుకు 2.5 మి.గ్రా. మించినవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. అధ్యయనం బయట ఆ జాగ్రత్త కొరవడింది. కెనడాలోని ఒంటారియోలో, ఏసీఈ ఇన్హిబిటర్లు అనే బీపీ, గుండె మందులు వాడే గుండె వైఫల్య వృద్ధుల్లో పొటాషియం పెరిగి ఆసుపత్రి పాలైనవారు 1994లో వెయ్యికి 2.4 మంది, 2001 నాటికి 11 మంది. మందు వ్యాపించింది గానీ, దాని వెంట ఉండాల్సిన రక్తపరీక్ష వ్యాపించలేదు.

గుండె వైఫల్యానికి స్పైరోనోలాక్టోన్, ఎప్లెరెనోన్ రాసేటప్పుడు 2022 నాటి అమెరికా మార్గదర్శకాలు పొటాషియం 5 లోపు, మూత్రపిండాల వడపోత వేగాన్ని చూపే ఈజీఎఫ్ఆర్ 30 పైన ఉండాలంటాయి. మొదలుపెట్టిన వారంలో, మళ్లీ నాలుగు వారాలకు పరీక్ష తప్పదు. పొటాషియం 5.5 దాటి అదుపులోకి రాకపోతే మందు ఆపాల్సిందే.

చాలామంది గమనించని ముప్పు వంటింట్లో ఉంది. ఉప్పు తగ్గించమన్నారని కొనే ‘నోసాల్ట్’ వంటి డబ్బాల్లో ఉండేది పొటాషియం క్లోరైడ్. పావు టీస్పూనులోనే 600 మి.గ్రా.కు పైగా పొటాషియం. ఇండియన్ స్టోర్‌లో దొరికే కొబ్బరినీళ్లు కప్పు తాగినా దాదాపు అంతే. వీటికి లిసినోప్రిల్, లోసార్టాన్ వంటి బీపీ మందులు, నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే ట్రైమెథోప్రిమ్ తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. స్పైరోనోలాక్టోన్‌తో మగవారికి రొమ్ములు ఉబ్బి నొప్పి పెట్టవచ్చు. అప్పుడు ఎప్లెరెనోన్‌కు మారుస్తారు.

పొటాషియం పెరిగినా చాలాసార్లు పైకి ఏ లక్షణమూ కనిపించదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్ర కొనసాగించాలో లేదో అదే రోజు డాక్టరును అడగండి. కండరాలు చచ్చుబడినా, గుండె లయ తప్పినా, స్పృహ తప్పినా వెంటనే 911కు ఫోన్ చేయండి.