హాల్‌స్టాట్: కొండకూ సరస్సుకూ మధ్య చిన్న ఊరు

ఆస్ట్రియాలో కొండకూ సరస్సుకూ మధ్య ఇరుకైన ఒడ్డున ఉన్న ఊరు హాల్‌స్టాట్. జనాభా 800 లోపే. ఇక్కడి ఉప్పుగనులు వేల ఏళ్లనాటివి. ఐరోపా తొలి ఇనుపయుగ సంస్కృతికి ఈ ఊరి పేరే పెట్టారు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

రైలు స్టేషను అవతలి ఒడ్డున ఉంది. దిగి లాంచీ ఎక్కి ఊరు చేరాలి. శ్మశానంలో చోటు చాలక పాత సమాధుల్లోని పుర్రెలను తీసి, వాటిపై పేర్లు, పూలు చిత్రించి చర్చి ఆవరణలో భద్రపరిచారు. తప్పక చూడవలసినది.

వేసవిలో కొన్నిరోజులు 10 వేలమంది దాకా వస్తారు. ఆ రద్దీ తగ్గించాలని ఊరివారు 2023లో నిరసన తెలిపారు. ఐరోపాలోని పిల్లల దగ్గరకు వెళ్లే మనవాళ్లకు మేము చెప్పేదొకటే: వీలైతే ఒక రాత్రి అక్కడే బస చేయండి, ఇళ్ల ముందు గొంతు తగ్గించండి. మనకది విహారం, వాళ్లకది సొంత ఊరు.